పరుపంతా మార్చాలా, పై పొర మారిస్తే చాలా?

ప్రశ్న: మా పరుపు కొని పదేళ్లు దాటింది. పడుకునే చోట నడుము దగ్గర గుంట పడింది, అంచులు మాత్రం గట్టిగానే ఉన్నాయి. పొద్దున లేచేసరికి నడుము పట్టేస్తోంది. దాని మీద రెండంగుళాల లేటెక్స్ ఫోమ్ (రబ్బరు పాలతో చేసేది) పొర పరిస్తే సరిపోతుందని కొందరు, పరుపంతా మార్చక తప్పదని కొందరు అంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: గుంట పడిన పరుపు మీద మాత్రం పొర పరచకండి. లేటెక్స్ ఎంత నాణ్యమైనదైనా వంగే గుణమున్న పదార్థమే కనుక, కింద పల్లం ఉంటే అదీ ఆ పల్లంలోకే దిగుతుంది. కొత్తలో హాయిగా అనిపించినా, నడుము మళ్లీ పాత చోటికే చేరుతుంది. అందుచేత ఏం కొనాలనే ఆలోచన కంటే ముందు, అసలు చెడిపోయింది ఏదో తేల్చుకోవాలి.

దుప్పట్లన్నీ తీసేసి, పరుపు మీద ఈ అంచు నుంచి ఆ అంచుకు ఒక దారాన్ని బిగించి పట్టుకోండి. గుంట దగ్గర దారానికీ పరుపుకూ మధ్య ఎంత ఎడం ఉందో స్కేలుతో కొలవండి. తర్వాత పరుపును చదునైన నేల మీద వేసి, అదే చోట మళ్లీ కొలవండి. నేల మీద ఎడం బాగా తగ్గిందంటే లోపం పరుపుది కాదు, మంచానిది. మంచం అడ్డపట్టీల్లో ఒకటి విరిగో వంగిపోయో ఉంటుంది. ఈ పరీక్ష చేయకుండా కొత్త పరుపు కొన్నవారికి అది కూడా కొన్నాళ్లకు అదే చోట కుంగడం ఖాయం. మంచం బాగు చేయించుకోవడం పరుపు మార్చడం కంటే ఎంతో తేలిక కాబట్టి ఈ విషయాన్ని ఇంతగా నొక్కి చెబుతున్నాను.

నేల మీద కూడా గుంట అంతే లోతుగా ఉంటే పరుపు లోపలే చూడాలి. సాధారణంగా పరుపులో అడుగున గట్టి భాగం ఉంటుంది. అది స్ప్రింగులు కావచ్చు, కొబ్బరి పీచు కావచ్చు, ముక్కలు అతికించి చేసిన రీబాండెడ్ ఫోమ్ కావచ్చు. దాని మీద ఒకటి రెండు అంగుళాల మెత్తని పాలియురిథేన్ ఫోమ్ ఉంటుంది. ముందుగా అణిగిపోయేది తరచుగా ఈ పై ఫోమే. తొడుగుకు జిప్పు ఉంటే తీసి, లేకపోతే అంచు కుట్టును జాగ్రత్తగా విప్పి చూడండి. అయితే తొడుగు తీయరాదని గానీ, లోపల గాజు పీచు ఉందని గానీ చీటీ మీద రాసి ఉంటే దాన్ని అస్సలు విప్పవద్దు, ఆ పీచు ఇల్లంతా పరుచుకుని చర్మాన్నీ ఊపిరినీ ఇబ్బంది పెడుతుంది. పై ఫోమ్ తొలగించాక అడుగు భాగం మీద మళ్లీ దారం పట్టి చూడండి. అది చదునుగా ఉంటే, తీసేసిన ఫోమ్ ఎంత మందం ఉందో అంతే మందం గల లేటెక్స్ పొరను ఆ స్థానంలో పెట్టి తొడుగు మూసేయవచ్చు. అడుగు భాగమే కుంగి ఉంటే, దాని కోసం ఇక ఖర్చు పెట్టడం వృథా.

అప్పుడు కొత్తది కొనక తప్పదు, అయినా ఒకే దిమ్మగా ఉండే పరుపు కంటే, జిప్పు తొడుగులో పొరలు పేర్చుకోవడమే నాకు మేలనిపిస్తుంది. అడుగున ఆరంగుళాల గట్టి లేటెక్స్, పైన రెండు మూడు అంగుళాల మెత్తనిది వేసుకుంటే, రేపు పై పొర అరిగినా దాన్నొక్కదాన్నే మార్చుకోవచ్చు. లేటెక్స్ పొరలు ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయి కనుక జిగురు అవసరం లేదు. గట్టిదనాన్ని ఐఎల్‌డీ అనే అంకెతో చెబుతారు. పొరను దాని మందంలో 25 శాతం లోతుకు నొక్కడానికి ఎన్ని పౌండ్ల బలం కావాలో ఆ అంకె తెలుపుతుంది. సుమారుగా 20 ఉంటే మెత్తన, 30 ఉంటే మధ్యస్థం, 40 ఉంటే గట్టిదనుకోవచ్చు. లేటెక్స్ తయారీలో డన్‌లప్, టాలలే అని రెండు పద్ధతులున్నాయి. డన్‌లప్ పద్ధతిలో నురగ కట్టించిన రబ్బరు పాలను నేరుగా అచ్చులో పోసి ఉడికిస్తారు కాబట్టి అడుగువైపు కాస్త చిక్కగా వస్తుంది, అందుకే కింది పొరకు అది బాగా నప్పుతుంది. టాలలే పద్ధతిలో అచ్చులోని గాలిని తీసి, నురగను గడ్డకట్టించి, ఆ తర్వాత ఉడికిస్తారు. అది అంతటా ఒకే తీరుగా, తేలికగా ఉంటుంది కనుక పై పొరకు బాగుంటుంది.

నడుము నొప్పికి ఎంత గట్టి పడకైతే అంత మంచిదన్న నమ్మకంతో అన్నీ గట్టి పొరలే ఎంచుకోకండి. దీర్ఘకాలంగా నడుము నొప్పి ఉన్న 313 మందిపై జరిపిన ఒక పరిశీలన 2003లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చింది. గట్టి పరుపు వాడినవారి కంటే మధ్యస్థంగా ఉన్నది వాడినవారికే అందులో ఎక్కువ ఉపశమనం కనిపించింది. మీ నొప్పి కాలిలోకి పాకుతున్నా, తిమ్మిరి ఉన్నా పరుపు సంగతి తర్వాత చూడండి, ముందు వైద్యుల దగ్గరకు వెళ్లండి.

బరువు సంగతి కూడా తెలుసుకుని ఉండాలి. ఆరున్నర అడుగుల పొడవు, ఐదడుగుల వెడల్పు, ఆరంగుళాల మందం గల లేటెక్స్ దిమ్మ, ఘనమీటరుకు 80 కిలోల సాంద్రత లెక్కన, దాదాపు 37 కిలోలు తూగుతుంది. మూల పట్టుకుని లాగితే చిరిగిపోతుంది. కింద దుప్పటి పరిచి, ఇద్దరు కలిసి దుప్పటితో సహా ఎత్తాలి. మంచం అడ్డపట్టీల మధ్య సందు మూడంగుళాలకు మించకూడదు. అలాగని సందు లేని చెక్క మీద వేస్తే అడుగున గాలి ఆడక చెమ్మ చేరి బూజు పడుతుంది.

ప్రశ్న: దూది పరుపులాగా లేటెక్స్ పరుపును కూడా అప్పుడప్పుడు ఎండలో వేయవచ్చా? రబ్బరు పడనివారు దాని మీద పడుకోవచ్చా?

జవాబు: ఎండలో వేయకూడదు. ఎండలోని అతినీలలోహిత కిరణాలకు లేటెక్స్ పసుపు రంగుకు తిరిగి, గట్టిపడి, వేలితో రుద్దితే పొడిగా రాలుతుంది. నీడలో, గాలి తగిలేచోట నిలబెడితే చాలు. నీళ్లలో ముంచి ఉతకవద్దు. మరక పడితే తడి గుడ్డతో తుడిచి, పూర్తిగా ఆరాకే తొడుగు వేయండి. రబ్బరు అలర్జీ ఉన్నవారి విషయానికొస్తే, తయారీలో కడిగినప్పుడు అలర్జీ కలిగించే ప్రోటీన్లు చాలావరకు పోతాయి, కానీ పూర్తిగా పోయాయని అనుకోవడానికి లేదు. గ్లోవ్స్ తొడుక్కున్నప్పుడో బెలూన్ ఊదినప్పుడో దద్దుర్లు గానీ ఆయాసం గానీ వచ్చినవారు వైద్యుల సలహా తీసుకోకుండా కొనవద్దు.