అద్దానికి అతుక్కున్న పెళ్లి ఫోటో

మీ అమ్మమ్మగారి పెళ్లి ఫోటో ఫ్రేము అద్దానికి అతుక్కుపోయింది, పసుపు మరకలు, చెంప మీద చీలిక ఉన్నాయి అన్నారు కదండీ. టెన్షన్ పడకండి, కానీ దయచేసి ఫోటోని లాగకండి. లాగితే ముఖం పొర అద్దానికే ఉండిపోతుంది. అద్దం పైవైపు పొడి గుడ్డతో తుడిచి, అద్దంతోనే స్కానర్ మీద బోర్లించి 600 డీపీఐలో (అంగుళానికి 600 చుక్కల వివరంతో) స్కాన్ చేయండి. నలుపు తెలుపు ఫోటో అయినా కలర్‌లోనే తీయండి. కలర్ స్కాన్‌లో ఎరుపు, ఆకుపచ్చ, నీలం అని మూడు ఛానెల్స్, అంటే విడివిడి రంగు పొరలు ఉంటాయి. పసుపు మరకలు నీలం ఛానెల్‌లో నల్లగా కనిపిస్తాయి, ఎరుపు ఛానెల్‌లో దాదాపు మాయమవుతాయి. ఆ ఎరుపునే తీసుకుంటే సగం పని అయిపోయినట్టే.

చీలికను గింప్ అనే ఉచిత ఫోటో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో, పక్క భాగంతో మచ్చను కలిపేసే హీల్ టూల్‌తో, అసలు ఫోటో మీద కాకుండా దాని కాపీ లేయర్ మీద, చిన్న బ్రష్‌తో పూడ్చండి. కళ్ల దగ్గరికి మాత్రం ఏఐ యాప్‌ను రానివ్వకండి. ముఖం నున్నగా వస్తుంది గానీ అది అమ్మమ్మ ముఖం కాదు. పుట్టుమచ్చలు ఎక్కడున్నాయో ముందే అమ్మగారిని అడగండి, మరక అనుకుని చెరిపేస్తాం.