అతికించిన పుట ఆరాక ముడతలు పడుతోందన్న ప్రశ్నకు

చిరుగును జపనీస్ టిష్యూతో (పొడవు పీచున్న పలుచని కాగితం), గోధుమ గంజితో అతికించాక అతుకు చుట్టూ ముడతలు వచ్చాయంటే, గంజి పలుచనై పుట ఎక్కువగా తడిసి, ఆ తడి సమంగా ఆరలేదన్నమాట. టిష్యూ నార (కాగితంలో పీచు ఎక్కువగా సాగే దిశ) పుట నారకు అడ్డంగా పడినా ఇలాగే అవుతుంది, ఎందుకంటే తడిసిన కాగితం నారకు అడ్డదిశలోనే ఎక్కువగా సాగి, ఆరేటప్పుడు ఆ దిశలోనే ఎక్కువగా కుంచించుకుపోతుంది.

1. తడిపిన దూది పుల్లను అక్షరాల మీద ఒక మూల అద్ది చూడండి. రంగు అంటితే తడి పని మానేయండి.

2. అంటకపోతే అతుకును కొద్దిగా తడిపి, గంజి మెత్తబడ్డాక నెమ్మదిగా లేపండి.

3. కొత్త టిష్యూను నార కలిసేలా పెట్టండి. కాగితాన్ని మడత పడకుండా వంచినప్పుడు ఏ వైపు సులువుగా చుట్టుకుంటుందో, ఆ చుట్ట పొడవునే నార ఉంటుంది.

4. టిష్యూను కత్తిరించకుండా, నీటితో గీత గీసి చేత్తో చింపండి. అంచున మిగిలే పీచే అతుకును పట్టి ఉంచుతుంది. గంజి గట్టి పెరుగులా ఉంటే చాలు.

5. చాలామంది వదిలేసేది ఇదే: తడి పీల్చే బ్లాటింగ్ పేపరును మార్చడం. ఒకసారి పేపరు వేసి బరువు పెట్టి మర్నాటిదాకా వదిలేస్తే, తడి పీల్చుకున్న ఆ పేపరే పుటను తేమగా ఉంచుతుంది. అతుకుకు రెండు వైపులా అంటుకోని పలుచని పాలియెస్టర్ గుడ్డ, దానిపై బ్లాటింగ్ పేపరు వేసి బరువు పెట్టి, పదిహేను నిమిషాలకు ఒకసారి, గంటకు మరోసారి తడి పేపరు తీసి పొడి పేపరు పెట్టి, ఆ తరువాతే రాత్రంతా బరువు కింద ఉంచండి.