జీతం 18 వేలు.. పరిహారం 8 వేల మీద ఎందుకు లెక్కగట్టారు?

ప్రశ్న: మా ఆయన మిర్యాలగూడ దగ్గర చిన్న రైస్ మిల్లులో ఆపరేటర్. 2019 నవంబరు 20న చెయ్యి బెల్టులో పడి నలిగిపోతే, ఎడమ చెయ్యి మణికట్టు దాకా తీసేశారు. అప్పటికి ఆయనకు 35 ఏళ్లు, జీతం 18,000. మిల్లులో ఏడుగురే పనివాళ్లు, ఈఎస్ఐ లేదు. 2020లో లేబర్ ఆఫీసులో కేసు వేస్తే ఆర్డరు ఇప్పుడొచ్చింది. జీతం 8,000గానే తీసుకుని, 60 శాతం నష్టం అని 5,67,532 రూపాయలు ఇమ్మన్నారు. ఆ డబ్బు నెలలోపు కట్టకపోతేనే వడ్డీ అట. ఇంతేనా సార్?

జవాబు: అమ్మా, 8,000 విషయంలో ఆ అధికారి చేసిన తప్పు లేదు, తప్పు చట్టంలోనే ఉంది. ఉద్యోగుల పరిహార చట్టం 1923 నాటిది. అసలు జీతం ఎంతున్నా లెక్కకు ఇంతకు మించి తీసుకోకూడదని అందులో ఒక పరిమితి ఉండేది. 2000 డిసెంబరులో దాన్ని 4,000 చేశారు, 2010 మే 31 నుంచి 8,000 చేశారు, ఆ తర్వాత 2020 జనవరి 3 దాకా, అంటే దాదాపు పదేళ్లు, ఎవరూ దాన్ని ముట్టుకోలేదు. ఆ రోజు నుంచి 15,000 అయింది. మీ ఆయనకు ప్రమాదం దానికి నెలన్నర ముందు జరిగింది, పరిహారానికి ప్రమాదం నాటి చట్టమే వర్తిస్తుందని, తర్వాత పెరిగినది వెనక్కి రాదని సుప్రీంకోర్టు 2020 ఫిబ్రవరిలో మళ్లీ చెప్పింది. అదే 60 శాతానికి 15,000 మీద లెక్కగడితే 10,64,124 వచ్చేది. నెలన్నర తేడాకు ఒక కుటుంబం ఐదు లక్షలు పోగొట్టుకోవడం ఏం న్యాయమో నాకు ఇప్పటికీ అర్థం కాదు. ధరలతో పాటు ఈ పరిమితి ఏటా దానంతటదే పెరిగేలా చట్టంలోనే రాసి ఉంటే ఈ బాధే ఉండేది కాదు. ఈ చట్టం స్థానంలో వచ్చిన కొత్త సామాజిక భద్రత కోడ్ కూడా దీన్ని కేంద్రం నోటిఫికేషన్‌కే వదిలేసింది. దాన్ని పార్లమెంటు 2020 సెప్టెంబరులో ఆమోదిస్తే అమల్లోకి రావడానికి 2025 నవంబరు 21 దాకా పట్టింది. ఇంటి నుంచి పనికి వెళ్లే దారిలో జరిగే ప్రమాదాలను చేర్చడం లాంటి మంచి అందులో ఉన్నా, మీ కేసుకు అది పనికిరాదు.

కాబట్టి 8,000 మీద కొట్లాడి టెన్షన్ పడకండి, మిగతా రెండు విషయాల మీద మాత్రం గట్టిగా నిలబడండి.

మొదటిది వడ్డీ, ఇందులో ఆర్డరు నా దృష్టిలో స్పష్టంగా తప్పు. పరిహారం చెల్లించాల్సిన బాధ్యత ప్రమాదం జరిగిన రోజే మొదలవుతుందని, ఆర్డరు వచ్చిన రోజు నుంచి కాదని సుప్రీంకోర్టు ప్రతాప్ నారాయణ్ సింగ్ దేవ్ కేసులో ఎప్పుడో తేల్చేసింది. అలా ప్రమాదం నాటి నుంచి నెలలోపు కట్టని యజమాని ఏడాదికి 12 శాతం వడ్డీ ఇవ్వాలి. మీ మొత్తానికే అది ఏడాదికి 68 వేలకు పైన. ఇన్నేళ్లకు ఎంతవుతుందో చూడండి! కేసును మూడు నెలల్లో తేల్చాలని చట్టంలో 2009లోనే రాశారు, మీకు ఇన్నేళ్లు పట్టిందంటే ఆ ఆలస్యం ఖరీదు మీరెందుకు మొయ్యాలి?

రెండోది ఆ 60 శాతం. ఏ అవయవం పోతే ఎంత నష్టమో చెప్పే చట్టంలోని పట్టికలో (షెడ్యూలులో) చెయ్యి పోతే 60 శాతమని ఉన్న మాట నిజమే, కానీ నేను చెప్పిన అదే కేసులో ఎడమ చెయ్యి పోయిన వడ్రంగికి, ఒక్క చేత్తో ఆ పని చేయలేడు కాబట్టి, పూర్తి నష్టం కింద ఇచ్చారు. మిల్లు ఆపరేటర్ పని కూడా రెండు చేతుల పనే అని సాక్ష్యంలో చెప్పించి ఉంటే, 8,000 మీదే అయినా 9,45,888 అడగొచ్చు. ఆసుపత్రి బిల్లులు ఫైల్లో ఉండి కూడా ఇవ్వకపోతే అదీ అప్పీలులో రాయించండి. చికిత్సకు నిజంగా అయిన ఖర్చు వేరుగా ఇవ్వాలి.

హైకోర్టులో అప్పీలుకు గడువు 60 రోజులు, అక్కడ వినేది ముఖ్యమైన న్యాయపరమైన ప్రశ్న ఉంటేనే, అందుకే వడ్డీని ముందు పెట్టమని మీ లాయరుకు చెప్పండి. ఈలోగా మిల్లు యజమాని ఏదో కొంత ఇచ్చి కాగితం మీద సంతకం పెట్టమంటే పెట్టకండి. ఆర్డరు సర్టిఫైడ్ కాపీకి ఈ వారమే అర్జీ పెట్టండి.