క్వాక్ అంటే డిగ్రీ లేనివాడేనా?

క్వాక్, చార్లటన్, నాటు వైద్యుడు, నకిలీ డాక్టర్ అన్నీ ఒకటేనా అని అడిగారు. మందు పనిచేశాక కూడా దాన్ని బూటకం అనడమేమిటన్నది మీ రెండో ప్రశ్న.

ఒకటి కావు. నకిలీ డాక్టర్ అంటే లేని డిగ్రీని బోర్డు మీద రాసుకున్నవాడు. నాటు వైద్యుడు తన పద్ధతిని దాచుకోడు. తన చేతిలో లేని జబ్బుకి పెద్దాసుపత్రికి వెళ్లమనేవాణ్ని క్వాక్ అనడం అన్యాయం. క్వాక్‌ని పట్టిచ్చేది అతని నోరు. ఆ మాటకు మూలం డచ్చి భాషలోని 'క్వాక్‌జాల్వర్'. రెండో సగానికి లేపనం అని అర్థం, మొదటి సగంలో వాగుడు ఉంది. చార్లటన్ ఇటాలియన్ నుంచి వచ్చింది, అందులోనూ వదరుబోతుతనమే. మౌంటీబ్యాంక్ అంటే సంతలో బల్లెక్కి మందు అమ్మేవాడు. ఈ మూడింట్లో ఎక్కడా పట్టా ఊసు లేదు చూడండి. అందుకే అసలు సిసలు డిగ్రీ ఉన్నవాడు 'షుగర్ శాశ్వతంగా మాయం' అని అమ్మినా క్వాకే. చరక సంహిత కూడా మందుల పెట్టె, పుస్తకాలు, వైద్యుడి వాలకం చూపించి నెట్టుకొచ్చేవాళ్లకు 'ఛద్మచరులు' అని వేరే పేరు పెట్టింది.

ఇక 'పనిచేసింది' అనే మాట. నడుం నొప్పి, కీళ్ల నొప్పి పెరుగుతూ తగ్గుతూ ఉంటాయి. బాగా ముదిరినప్పుడే మందుకు పరుగెత్తుతాం కనుక తర్వాత ఎలాగూ కొంత తగ్గుతుంది, ఆ పేరు మందుకు పోతుంది. నమ్మకం పని కూడా ఉంది. 18వ శతాబ్దం చివర పెర్కిన్స్ అనే అమెరికన్ లోహపు కడ్డీలతో ఒంటి మీద గీస్తే నొప్పి పోతుందని అమ్మాడు. 1799లో జాన్ హేగార్త్ అనే వైద్యుడు కర్రతో చేసి లోహంలా కనిపించే కడ్డీలతో అయిదుగురు కీళ్లనొప్పుల రోగుల మీద గీయించాడు. నలుగురు తగ్గిందన్నారు! మర్నాడు అసలు కడ్డీలతో గీసినా ఫలితం అదే. ఇలా మందు లేకుండానే నమ్మకంతో ఊరట కలిగించే ఉత్తుత్తి చికిత్సనే ప్లసీబో అంటారు. ఆ మాటకు లాటిన్‌లో 'సంతోషపెడతాను' అని అర్థం. ఇంతకంటే అతికే పేరు దొరకదు.

అసలు ప్రమాదం 'పనిచేసింది' అనిపించే మూడో రకంతో, అంటే చెప్పకుండా అసలు మందు కలిపినప్పుడు. పేరు లేని పొడి రెండు రోజుల్లోనే మోకాళ్ల నొప్పినో, ఆయాసాన్నో మాయం చేసిందంటే ముందు అనుమానించాల్సింది అందులో కలిపిన స్టెరాయిడ్‌ని (వాపును వేగంగా అణిచే మందు), సాధారణంగా డెక్సామెథసోన్‌నో ప్రెడ్నిసొలోన్‌నో. ఆకలి పెరుగుతుంది, ఒంట్లో హుషారు వస్తుంది, 'మందు ఒంటికి పట్టింది' అనుకుంటారు. నెలలు గడిచేసరికి ముఖం గుండ్రంగా ఉబ్బుతుంది, చర్మం పలచబడి చిన్న దెబ్బకే కమిలిపోతుంది, షుగరు, బీపీ పెరుగుతాయి, ఎముకలు గుల్లబారతాయి.

ఇక్కడ చాలామంది చేసే పొరపాటు, మోసం తెలియగానే పొడిని చెత్తబుట్టలో వేసి ఒక్కసారిగా మానేయడం. మూడు నాలుగు వారాలకు మించి వాడితే మూత్రపిండాల పైనుండే అడ్రినల్ గ్రంథులు తమ కార్టిసాల్ (ఒంట్లో సహజంగా ఊరే స్టెరాయిడ్) తయారీని తగ్గించుకుంటాయి. పొడి హఠాత్తుగా ఆగితే నీరసం, వాంతులు, బీపీ పడిపోవడం, స్పృహ తప్పడం దాకా రావచ్చు. అలాగని దాన్నే మింగుతూ ఉండమని కాదు. వెంటనే డాక్టర్ దగ్గరికి వెళ్లి ఎన్నాళ్లుగా, రోజుకు ఎన్ని పొట్లాలు వాడారో చెప్పాలి. అవసరమైతే ఉదయం ఎనిమిది గంటల ప్రాంతంలో రక్తం తీసి కార్టిసాల్ చూస్తారు, తెలిసిన మోతాదులో స్టెరాయిడ్ ఇచ్చి మెల్లగా తగ్గిస్తారు. ఈలోగా వాంతులో, కళ్లు తిరగడమో మొదలైతే అత్యవసర విభాగానికే వెళ్లాలి. మిగిలిన పొట్లాలు పారేయకుండా కవరుతో సహా తీసుకెళ్లండి.