నెబ్రాస్కా వలస రైతు చరిత్ర రాయబోతున్న అమ్మడికి

అమ్మడూ,

నార్వే నుంచి అమెరికాలోని నెబ్రాస్కా రాష్ట్రానికి వలసొచ్చిన రైతు జీవితం రాస్తానన్నావు. అతనొచ్చిన ఓడ ప్రయాణికుల జాబితా దగ్గర మాత్రం మొదలుపెట్టకు. అదే పేరున్న పదిమందిలో మనవాడెవరో తేలక అక్కడే ఆగిపోతావు. అప్పటి నార్వే పల్లెల్లో స్థిరమైన ఇంటిపేరు లేదు. తండ్రి పేరుకు ‘సెన్’ చేర్చేవారు, ఉంటున్న పొలం పేరు తగిలించేవారు, పొలం మారితే అదీ మారేది. భూమి మాత్రం ఎక్కడికీ పోదు కదా, పట్టాతో మొదలుపెట్టు.

అమెరికా ప్రభుత్వ భూముల శాఖ బ్యూరో ఆఫ్ ల్యాండ్ మేనేజ్‌మెంట్ సైట్‌లో పేరు, రాష్ట్రం కొడితే పట్టా ఉచితంగా వస్తుంది. భూ కార్యాలయం పేరు, ఫైనల్ సర్టిఫికెట్ (షరతులు పూర్తయ్యాక ఇచ్చే పత్రం) నంబరు, సెక్షన్-టౌన్‌షిప్-రేంజ్ రాసుకో. టౌన్‌షిప్ ఆరు మైళ్ల చదరం, అందులో 36 సెక్షన్లు. సెక్షన్ 640 ఎకరాలు, హోమ్‌స్టెడ్‌కు, అంటే కాపురముండి సాగుచేసే షరతు మీద ప్రభుత్వమిచ్చే భూమికి, ఇచ్చేది అందులో పావు, అంటే 160. సెక్షన్ల నంబర్లు ఈశాన్య మూలలో 1తో మొదలై పడమటికి 6 దాకా పోయి, 7 నుంచి మళ్లీ తూర్పుకు తిరుగుతాయి, నాగలి చాళ్లలాగే. రేంజ్ అంటే సర్వే ఆధార రేఖ నుంచి తూర్పుకో పడమరకో ఎన్నో టౌన్‌షిప్ వరుస అన్నది, అది తూర్పా పడమరా అన్నది చూడకపోతే వేరే కౌంటీలో తేలతావు.

ఆ వివరాలతో వాషింగ్టన్‌లోని నేషనల్ ఆర్కైవ్స్ నుంచి కేసు ఫైలు తెప్పించాలి. నెబ్రాస్కావి స్కానయ్యాయి కాబట్టి ముందు ఆన్‌లైన్‌లో చూడు. అసలు సరుకంతా ఇందులోనే. 1862 హోమ్‌స్టెడ్ చట్టం ప్రకారం ఐదేళ్లు కాపురముండి సాగుచేసి, ఇద్దరు సాక్షులతో రుజువు చేసుకోవాలి. ఇల్లు ఎన్ని అడుగులు, తలుపులూ కిటికీలూ ఎన్ని, బావి ఉందా, ఎన్ని ఎకరాలు దున్నాడు, ఎన్నేళ్లు పంట తీశాడు, పిల్లలెందరు, అన్నీ ఆ వాంగ్మూలంలో ఉంటాయి. వలసొచ్చినవాడు కాబట్టి పౌరసత్వ కాగితాల నకలూ ఉంటుంది. దాని మీది కోర్టు పేరు, తేదీ పట్టుకుని అప్పుడు ఓడల జాబితాలకు వెళ్లు. 1892కు ముందు వచ్చినవాడిని న్యూయార్క్ వలస కేంద్రం ఎల్లిస్ ఐలాండ్ జాబితాల్లో వెతకడం దండగ. 1855 నుంచి 1890 దాకా న్యూయార్క్‌లో వలసవాళ్లు దిగే కేంద్రంగా కాసిల్ గార్డెన్ ఉండేది. క్యూబెక్ మీదుగా దిగిన నార్వేవాళ్లు కూడా చాలామందే.

ప్రమాణం చేసి చెప్పారు కదా అని అంతా నమ్మేయకు. ఇరుగుపొరుగు ఒకరికొకరు సాక్ష్యం చెప్పుకున్నవే ఎక్కువ. 1880 జనాభా లెక్కలతో, అదే ఏటి వ్యవసాయ లెక్కలతో సరిచూడు. 1890వి అగ్నిప్రమాదం పాలై దాదాపు ఏమీ మిగల్లేదు గనక నెబ్రాస్కా 1885 లెక్కలు వదలకు. ఒక ఏడు పంట లేదంటే సోమరితనమనుకోకు, 1874లో మిడతలు ఊడ్చేశాయి.

పట్టా దొరక్కపోతే కంగారొద్దు. మధ్యలో వదిలేసిన దరఖాస్తులు ఆ సైట్‌లో ఉండవు, ట్రాక్ట్ పుస్తకాల్లో, అంటే ఏ ముక్కకు ఎవరు దరఖాస్తు పెట్టారో రాసిన భూ కార్యాలయ రిజిస్టర్లలో చూడాలి. ఐదేళ్లు ఆగకుండా ఎకరం 1.25 డాలర్లకు కొనేసుకున్నవాళ్ల పట్టా నగదు అమ్మకం కింద ఉంటుంది. 1873 చట్టం కింద చెట్లు పెంచుతానని ఇంకో 160 ఎకరాలకు దరఖాస్తు పెట్టి ఉండొచ్చు, ఒకే మనిషికి రెండు ఫైళ్లు మామూలే. ఇంటి ఆడవాళ్ల పేర్లూ విడిగా వెతుకు. 21 నిండిన పెళ్లికాని పిల్లా, వితంతువూ సొంతంగా దరఖాస్తు పెట్టేవారు.

‘ఉచిత భూమి’ అని ఊరికే రాసేయకు. నెబ్రాస్కాలోని బియాట్రిస్ ఊరి పరిసరాలైతే అంతకుముందు ఒటో-మిజూరియా అనే ఆదివాసీ తెగవాళ్లది, 1854 ఒప్పందంతో చేతులు మారింది. నువ్వు రాసే కౌంటీకి ఏ ఒప్పందమో చూసుకో.

సాక్షుల ఫైళ్లు కూడా తెప్పించు. వాళ్లకు మనవాడు సాక్ష్యం చెప్పి ఉంటే, అతని మాటలు అక్కడే దొరుకుతాయి.

ఆశీస్సులతో,
పెద్దనాన్న