కొత్త బోరుకు పాత నీళ్ల జమ: వాటర్ బ్యాంకు వంకను కాపాడుతుందా?

సందేహం: మాది అనంతపురం జిల్లా. మా ఊరి వంక ఒకప్పుడు సంక్రాంతి దాటేదాకా పారేది. ఇప్పుడు వానలు బాగా పడిన ఏడాది కూడా కార్తీకం ముగిసేసరికి ఇసుక తేలుతోంది. వంకకు ఎగువన ఆరుగురు రైతులు చీనీ (బత్తాయి) తోటల కోసం కొత్త బోర్లు వేయాలనుకుంటున్నారు. "బోరుకో ఇంకుడు గుంత తవ్విస్తాం, లెక్క సరిపోతుంది" అంటున్నారు. మా బావమరిది అమెరికాలో సియాటిల్‌లో ఉంటాడు. అక్కడికి గంటన్నర దూరంలో క్లీ ఎలమ్ అనే ఊరి పక్కన స్థలం కొన్నాడు. ఇంటికి బోరు వేసుకోవాలంటే ముందు వాటర్ బ్యాంకులో నీళ్లు కొని కాగితం తెమ్మన్నారట. నీళ్లకు బ్యాంకు ఏమిటి? మన దగ్గర అలాంటిది పనికొస్తుందా?
– ఒక రైతు, అనంతపురం జిల్లా

సలహా: మీ బావమరిదిని కాగితం అడగడానికీ, మీ వంక ముందే ఎండిపోవడానికీ కారణం ఒకటే. వానలు ఆగిపోయిన రెండు నెలలకు కూడా వంక పారుతోందంటే, ఆ నీళ్లు ఆకాశం నుంచి వచ్చినవి కావు. చుట్టుపక్కల పొలాల కింద ఇంకిన నీరే పల్లానికి ఊటగా దిగుతోంది. రాయలసీమలో ఊట కాలువలు తవ్వుకుని పంటలు పండించిన పెద్దలకు ఈ సంగతి బాగా తెలుసు. ఎగువన బోరు వేసి తోడితే, వంకలోకి దిగాల్సిన ఊటను దారిలోనే పట్టుకున్నట్టు. భూమిలో నీటి మట్టం వంక అడుగు కంటే కిందికి పోయిందంటే ఊట రావడం ఆగడమే కాదు, వాన నీళ్లతో పారే వంక కూడా ఇసుకలోకి ఇంకిపోతుంది. అయితే ఇది బోరు వేసిన రోజే కనబడదు. వంకకు దగ్గర బోరైతే ఆ సీజన్లోనే తెలుస్తుంది, దూరమైతే ఏళ్లు పట్టవచ్చు. అందుకే "నా బోరు వల్ల కాదు" అని ఎవరికి వారు నమ్మకంగా చెప్పగలుగుతారు.

సియాటిల్ ఉన్న వాషింగ్టన్ రాష్ట్రంలో గొడవ సరిగ్గా ఇక్కడే మొదలైంది. అక్కడ నీటి హక్కుకు తేదీ ఉంటుంది. ముందు వాడుకున్నవాడిదే ముందు హక్కు. మీ బావమరిది స్థలం ఉన్న యాకిమా నదీ పరీవాహకంలో 1905 మే 10 కంటే పాత హక్కులకు కరువులోనూ పూర్తి నీళ్లిస్తారు. ఆ తర్వాతివాళ్లు కొరతను పంచుకోవాలి. 2015 కరువులో ఈ తర్వాతి హక్కుల వాళ్లకు దక్కింది 47 శాతమే. ఇంత కట్టుదిట్టమైన పద్ధతిలోనూ ఒక కంత ఉంది. 1945 నాటి భూగర్భజల చట్టం ప్రకారం ఇంటి అవసరాలకు రోజుకు 5,000 గ్యాలన్ల దాకా, అంటే దాదాపు 19 వేల లీటర్లు, పర్మిట్ లేకుండానే తోడుకోవచ్చు. పల్లెలో ఒంటరి ఇల్లున్నంత కాలం దానివల్ల ఇబ్బంది రాలేదు. సియాటిల్‌కు దగ్గరని క్లీ ఎలమ్ ఉన్న ఎగువ కిట్టిటాస్ ప్రాంతంలో ప్లాట్లు వేసి అమ్మడం మొదలయ్యాక, ప్లాటుకో బోరు పడింది. కింద వందేళ్ల నాటి హక్కుతో పంట పండించేవాళ్ల నీళ్లు, నదిలో సాల్మన్ చేపలు ఈదాల్సిన నీళ్లు మెల్లగా తగ్గుతాయన్న వాదన వచ్చింది. ఆ చేపలు పట్టుకునే హక్కును అక్కడి ఆదివాసులైన యాకమా తెగవారు 1855 ఒప్పందంలోనే నిలుపుకున్నారు.

చివరికి 2009 జూలైలో రాష్ట్ర పర్యావరణ శాఖ అక్కడ కొత్త బోర్లను ఆపింది. 2011లో శాశ్వత నిబంధన అమల్లోకి వచ్చింది: కొత్తగా ఎంత నీరు ఖర్చు చేస్తావో, అంత నీరు ఎవరో ఒక పాత హక్కుదారు వాడకం మానేసినట్టు చూపించు, మీటరు పెట్టు, అప్పుడు తోడుకో. ఆ "ఎవరో ఒకరిని" ప్రతి ఇంటి యజమానీ వెతుక్కోలేడు. అందుకే మధ్యలో బ్యాంకులు వచ్చాయి. కొన్ని ప్రైవేటువి. ఒకటి కిట్టిటాస్ కౌంటీయే (కౌంటీ అంటే మన జిల్లా లాంటిది) నడుపుతోంది.

బ్యాంకులో జమ ఎలా పడుతుందో చూడండి. ఆ లోయలో టిమోతి గడ్డి బాగా పండిస్తారు, పశువుల మేతకు జపాన్ దాకా పంపుతారు. అలాంటి పొలం ఒకటి ఉందనుకోండి. దాని పాత హక్కును బ్యాంకు కొంటుంది, పొలానికి కాలువ నీళ్లు ఆపేస్తారు. ఆ నీటిని రాష్ట్ర ప్రభుత్వ ట్రస్టులో పెట్టి నదిలోనే వదిలేస్తారు. హక్కు తేదీ మారదు, కింది రైతులెవరూ దాన్ని తోడుకోకూడదు. దాని మీద బ్యాంకు చిన్న చిన్న వాటాలు చేసి కొత్త ఇళ్లకు అమ్ముతుంది. కాగితం మీద ఉన్నంతా మాత్రం జమ కాదు. వరసగా అయిదేళ్లు కారణం లేకుండా వాడని హక్కు అక్కడ రద్దవుతుంది కాబట్టి, నిజంగా వాడుకున్నదెంతో ముందు తేలుస్తారు. అందులోనూ పంట తాగేసిన నీటికే విలువ. పొలం నుంచి తిరిగి నదిలోకి జారిపోయిన నీరు ముందు నుంచీ నదిదే కాబట్టి దాన్ని అమ్మడానికి లేదు.

ఈ చివరి మాట మీద కాసేపు ఆగాలి. నా లెక్కలో మొత్తం విషయానికి ఆయువుపట్టు ఇదే. తోడిన నీరు వేరు, ఖర్చయిన నీరు వేరు. ఇళ్ల బోర్లకు వాషింగ్టన్ రాష్ట్ర అధికారులు సాధారణంగా వేసే అంచనా ఇది: సెప్టిక్ ట్యాంకు ఉన్న ఇంట్లో స్నానాలకు, వంటకు వాడిన నీటిలో 10 శాతమే ఖర్చు, మిగతాది భూమిలోకే తిరిగి వెళ్తుంది. బయట గడ్డికి, మొక్కలకు పెట్టిన నీటిలో 80 శాతం ఖర్చు. అంటే ఇంట్లో రోజుకు వెయ్యి లీటర్లు వాడితే నదికి పడే లోటు వంద లీటర్లు. అదే వెయ్యి లీటర్లు ముందున్న లాన్‌కు పెడితే ఎనిమిది వందలు.

బ్యాంకుల వల్ల అంతా బాగుపడిందని చెప్పలేను. పక్క రాష్ట్రం ఒరెగాన్‌లో డెష్యూట్స్ నది దగ్గర 2002 నుంచి ఇలాంటి పద్ధతే ఉంది. అగ్నిపర్వత రాళ్లలో ఇంకిన మంచు నీరే ఆ నదికి ఆధారం కాబట్టి, బోర్లకూ నదికీ ఉన్న లంకెను సర్వేల్లో తేల్చి, కొత్తగా తోడుకునే దానికి సెకనుకు 200 ఘనపుటడుగుల హద్దు పెట్టారు. ఏ ప్రాంతంలో లోటు పడుతుందో ఆ ప్రాంతంలోనే జమ చూపించాలి. అక్కడ వచ్చిన చిక్కు సమయంతో. కాలువ హక్కు ఏప్రిల్ నుంచి అక్టోబరు వరకే, కాబట్టి నదికి తిరిగొచ్చే నీరూ ఆ నెలల్లోనే. బోరు చేసే లోటు మాత్రం ఏడాది పొడవునా ఉంటుంది. చలికాలంలో పూడదు. ఇంకొకటి, ఊట నీరు చల్లగా ఉంటుంది, కాలువకు పోకుండా నదిలో మిగిలిన నీరు ఎండకు వేడెక్కుతుంది. చేపకు ఆ తేడా ప్రాణం మీదికొస్తుంది. ఇవి కాక, పెట్టుబడిదారులు పాత హక్కులు కొని ధర పెరిగేదాకా అట్టిపెట్టుకుంటున్నారనీ, నీరు ఒక లోయ నుంచి ఇంకో లోయకు తరలిపోతోందనీ వాషింగ్టన్‌లో రైతులు మండిపడుతున్నారు. ఆ కోపంలో న్యాయం ఉంది.

ఇక మన ఊరికి వద్దాం. ఇక్కడ వాటర్ బ్యాంకు పెట్టడానికి జమ చేసే వస్తువే లేదు. భూగర్భజలం మీద హక్కు భూమితోనే వస్తుంది. తేదీ లేదు, పరిమాణం లేదు, విడిగా అమ్ముకునే వీలు లేదు. 2002 నాటి నీరు, భూమి, చెట్ల పరిరక్షణ చట్టం (వాల్టా) కింద కొత్త బోరుకు అనుమతి తీసుకోవాలి, తాగునీటి బావికి 250 మీటర్ల లోపు వేయకూడదు. బదులు నీళ్లు చూపించమని ఎవరూ అడగరు. కానీ బ్యాంకు లేకపోయినా, బ్యాంకు వేసే లెక్క వేసుకోవడానికి అడ్డు లేదు. మీ ఆరుగురి ఇంకుడు గుంతలను ఆ లెక్కలో పెట్టి చూద్దాం.

ఎకరం మీద ఒక మిల్లీమీటరు నీరంటే 4,047 లీటర్లు. మీ జిల్లాలో ఏడాదికి దాదాపు 550 మి.మీ. వాన పడుతుంది. మన గట్టి రాతి నేలల్లో అందులో పదో వంతు ఇంకిందనుకుంటే, ఎకరానికి 55 మి.మీ., అంటే సుమారు 2.2 లక్షల లీటర్లు. ఖర్చుకు పోలికగా రబీ వరిని తీసుకుందాం. దానికి ఎకరానికి 1,200 మి.మీ. పెడితే దాదాపు 48.6 లక్షల లీటర్లు. భూగర్భజలాల అంచనాకు కేంద్రం వేసిన కమిటీ 1997లో ఇచ్చిన ప్రమాణాల ప్రకారం, నీటి మట్టం 10 నుంచి 25 మీటర్ల లోతులో ఉంటే వరి మడికి తోడిన దానిలో 35 శాతం తిరిగి ఇంకుతుంది. అది తీసేసినా 31 లక్షల పైచిలుకు ఖర్చు. ఒక్క ఎకరా వరి కోసం పద్నాలుగు ఎకరాల్లో పడిన వాన ఊట కావాలన్నమాట.

ఇప్పుడు గుంత. రెండు మీటర్ల పొడవు, వెడల్పు, లోతుతో తవ్విన గుంత నిండితే 8,000 లీటర్లు. ఏడాదిలో పది సార్లు నిండిందనుకున్నా 80 వేలు. ఒండ్రు పేరుకుంటే ఆ మాత్రం కూడా ఇంకదు. పైగా ఆ నీళ్లు ఎక్కడివి? గుంత లేకపోతే కింది చెరువులోకి పోయేవే. చెరువు కిందివాళ్ల నీళ్లు తెచ్చి మనం జమ చూపిస్తున్నాం. గుంతలు వద్దని కాదు, తప్పకుండా తవ్వించండి. బోరుకు బదులు గుంత అన్న బేరం మాత్రం ఒప్పుకోకండి.

డ్రిప్ పెడతాం కదా అని కూడా అంటారు. డ్రిప్‌తో తోడే నీరు తగ్గుతుంది, నిజమే. కానీ చెట్టు తాగేది అంతగా తగ్గదు, కిందికి ఇంకి తిరిగొచ్చేది మాత్రం దాదాపు ఉండదు. మిగిలిన నీళ్లతో ఇంకో రెండెకరాలు వేస్తే ఖర్చు పెరిగినట్టే. చీనీతో మరో ఇబ్బంది ఉంది. కరువొస్తే వరి మడిని ఒక సీజను బీడు పెట్టొచ్చు, చీనీ చెట్టును బీడు పెట్టలేం. మీ జిల్లాలో అప్పు చేసి ట్యాంకర్లతో తోటలను బతికించుకున్న రైతుల టెన్షన్ మీకు నేను చెప్పనక్కర్లేదు. అవసరం ఎండాకాలంలో ఉంటే, ఊట పుట్టేది వానాకాలంలో. డెష్యూట్స్‌లో వచ్చిన సమయం చిక్కు మనకు ఇంకా గట్టిగా తగులుతుంది.

కాబట్టి ఆ ఆరుగురిని అడగాల్సింది ఇది: "మీ కొత్త తోటకు అయ్యే నీటి కోసం వంకకు ఇదే వైపున ఏ వరి మడి ఆపుతున్నారు?" వాళ్ల సొంత మడే కానక్కర్లేదు. ఇప్పటికే బోరున్న రైతు రబీ వరి మాని శనగో జొన్నో వేయడానికి ఒప్పుకుంటే, అతనికి పరిహారంగా కొంత సొమ్మో, తోట బోరు నుంచి కాస్త నీళ్లో ఇచ్చి రాత పూర్వకంగా ఒప్పందం చేసుకోవచ్చు. చట్టంతో నిమిత్తం లేని ఊరి కట్టుబాటే కానీ, మీ జిల్లాకు ఇది కొత్త కాదు. కొన్ని పల్లెల్లో బోరు రైతులు పైపులు కలిపి, బోరు లేని పక్కవాళ్ల పంటకు ఒకటి రెండు తడులిచ్చి, కొత్త బోర్లు వేయకూడదని ఒప్పందాలు రాసుకున్నారు. 2003 తర్వాత ఏడు జిల్లాల్లో, ఆరు వందలకు పైగా పల్లెల్లో నడిచిన రైతుల భూగర్భజల యాజమాన్య పథకంలో అనంతపురం కూడా ఉంది. రైతులే బోర్లలో మట్టం కొలిచి, వానమాపకం చదివి, రబీకి ముందు ఊరంతా కూర్చుని నీటి బడ్జెట్ వేసేవారు. ఎవరికీ జరిమానా లేదు. అయినా లెక్క కళ్లెదుట గోడ మీద కనబడేసరికి చాలామంది వరి తగ్గించుకున్నారు.

కొలత కోసం ఖరీదైన సామాను అక్కర్లేదు. 200 లీటర్ల డ్రమ్ము బోరు పైపు కింద పెట్టి, ఎన్ని సెకన్లలో నిండుతుందో ఫోన్‌లో చూడండి. 80 సెకన్లయితే గంటకు 9,000 లీటర్లు. రోజుకు ఏడు గంటలు, వంద రోజులు ఆడితే 63 లక్షలు. మోటారు వేసి పది నిమిషాలయ్యాక కొలవండి, మొదటి నిమిషంలో వచ్చే ధారను నమ్మొద్దు. వాడకుండా వదిలేసిన బోరు ఒకటి వంకకు దగ్గర్లో ఉంటే, అందులో మట్టం నెలకోసారి ఒకే తారీఖున, మోటార్లు ఆగిన తెల్లవారుజామున తాడు దించి చూసి రాసుకోండి. వంక పారడం ఏ రోజు ఆగిందో కూడా ఆ పుస్తకంలోనే రాయండి. రెండు రబీల అంకెలు చేతిలో ఉంటే కొత్త బోరు మీద మాట్లాడేటప్పుడు మీ మాటకు బలం ఉంటుంది. అప్పటిదాకా ఆరూ ఒకేసారి కాకుండా, వంకకు దూరంగా ఉన్న ఒకటి రెండింటితో మొదలుపెట్టమనడం ఇద్దరికీ గౌరవంగా ఉంటుంది.

మీ బావమరిదికి చెప్పాల్సింది రెండే. ఆ ప్రాంతంలో ప్రతి బ్యాంకు నీళ్లూ ప్రతి స్థలానికీ చెల్లవు. జమ చేసిన నీరు నదిలో కలిసే చోటు, తన బోరు ప్రభావం పడే వాగు సరిపోవాలి. కాబట్టి డబ్బు కట్టే ముందు తన స్థలానికి ఏ బ్యాంకు చెల్లుతుందో కౌంటీ ఆఫీసులో కనుక్కోమనండి. కరివేపాకు, కూరగాయలు, నాలుగు పూల మొక్కలు పెంచుకోవాలని ఉంటే ఎన్ని చదరపు అడుగుల తోటో కొనేటప్పుడే చెప్పాలి. ఇంటి లోపలి వాడకానికి మాత్రమే తీసుకున్న కాగితంతో బయట కుళాయి తిప్పితే, మీటరు ఆ సంగతి చెప్పేస్తుంది.