కాప్‌లో నిలబడబోయే మా మేనకోడలికి

చిట్టీ,

రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. "అన్నయ్యా, ఇది లివర్‌పూల్ ఫుట్‌బాల్ మ్యాచ్‌కి వెళ్తుందట. అదీ నిలబడి చూస్తుందట. సీటుకి డబ్బుల్లేవా ఏమిటి?" అని ఒకటే గోల. కాప్ అంటే లివర్‌పూల్ మైదానంలో గోల్ వెనక వీరాభిమానులుండే గ్యాలరీ అని చెప్పి ఒప్పించేసరికి అరగంట పట్టింది. మా ఇంటి పిల్ల కాప్‌లో నిలబడి గొంతు చించుకుంటుందంటే నాకు ఛాతీ ఉబ్బిన మాట నిజమే. కానీ ఫోన్ పెట్టేశాక నిద్ర పట్టలేదు.

మామూలు సంగతులు నీకు తెలిసినవే. బూట్లు వేసుకో, చిన్న బ్యాగు చాలు, ఫోన్ చార్జింగ్ చూసుకో. గంట ముందే లోపల ఉండు. ఈ చివరిది మాత్రం మళ్ళీ చదువు. దాని వెనక నేను చేసిన తప్పొకటి ఉంది, మీ అమ్మకి కూడా చెప్పలేదు.

1986 చలికాలం. ఇంగ్లండ్ వచ్చి ఏడాది కూడా కాలేదు, ఆసుపత్రిలో జూనియర్ డాక్టర్ని. ఏ ఊరి మైదానమో రాయను. డ్యూటీ అయ్యి నేనూ ఇంకో డాక్టరూ పరిగెత్తుకెళ్ళేసరికే ఆట మొదలైంది. అప్పట్లో గోల్ వెనక సీట్లుండేవి కావు. సిమెంటు మెట్లు, అక్కడక్కడా ఇనుప కమ్మీలు, ఎవరికి దొరికిన చోట వాళ్ళు నిలబడటమే. లోపల్నుంచి హోరు వినిపించింది. గోల్ పడిందేమో! దారి సొరంగంలా ఉంది, ముందువాళ్ళు కదలరు. చిరాకేసి భుజం ఆనించి నెట్టాను. నేనే. వెనకవాళ్ళు నన్ను నెడుతున్నారు, నేను ముందువాణ్ణి నెడుతున్నాను, అందరం నవ్వుతూనే ఉన్నాం.

ఉన్నట్టుండి అందరం ముందుకి జారిపోయాం. నా కాళ్ళు నేలకి ఆనడం లేదు. ముక్కు దురద పెడితే గోక్కోడానికి చెయ్యి రాదు. నా ముందు ఒక కమ్మీ, దానికి అతుక్కుపోయి పదేళ్ళ కుర్రాడు. మెడలో చేత్తో అల్లిన మఫ్లర్. ఏడవడం లేదు. ఏడవాలన్నా ఊపిరి కావాలి కదా. పెదాలు నీలమవుతున్నాయి. ఆ రంగంటే ఏమిటో తెలిసిన డాక్టర్ని, నా వల్ల ఏమీ కాలేదు. ఎవరో లావుపాటి పెద్దాయన వాణ్ణి చంకల కింద పట్టి పైకి లేపాడు. జనం తలల మీదుగా చేతులు మార్చుకుంటూ కిందికి దింపారు. ఆ మైదానంలో ముందు కంచె లేదు కాబట్టి సరిపోయింది. వాడు గడ్డి మీద కూర్చుని దగ్గుతుంటే చూశాను. ఎవరు గెలిచారో నాకు గుర్తు లేదు.

మూడేళ్ళకి, 1989 ఏప్రిల్ 15న, షెఫీల్డ్‌లోని హిల్స్‌బరో మైదానం, లివర్‌పూల్ మ్యాచ్. బయట తొక్కిడి ఎక్కువైందని పోలీసులు పెద్ద గేటు తెరిపించారు. జనం నేరుగా సొరంగంలోకి, అక్కణ్ణుంచి కంచెలతో విడదీసిన, అప్పటికే నిండిపోయిన దొడ్లలోకి వెళ్ళారు. ముందు ఇనుప కంచె. 97 మంది లివర్‌పూల్ అభిమానులు పోయారు. అభిమానులు తాగొచ్చారని నిందలేశారు. వాళ్ళ తప్పేమీ లేదని జ్యూరీ తేల్చేసరికి 2016 వచ్చింది. వెనకనున్నవాళ్ళకి ముందేం జరుగుతోందో ఎలా తెలుస్తుంది? 2015లో మన రాజమండ్రి పుష్కరాల రేవులోనూ అంతే. ఆ పొద్దున మీ అమ్మ జనాన్ని చూసి కోటగుమ్మం దగ్గర్నుంచే వెనక్కొచ్చేసింది. రాత్రి తన గొంతులో వణుకు అప్పటిదే, దాన్ని వెక్కిరించకు.

హిల్స్‌బరో మీద విచారణ జరిపిన జడ్జి టేలర్ నివేదిక తర్వాత, 1994కల్లా పై రెండు డివిజన్లలో అందరికీ సీట్లు వచ్చాయి. నిలబడే చోట్లు మళ్ళీ తెద్దామన్నవాళ్ళతో చాలా ఏళ్ళు పోట్లాడాను. అయితే జనం నిలబడటం ఎక్కడ మానారు? సీట్ల ముందే నిలబడేవాళ్ళు. గోల్ పడితే ముందు సీటు వీపు మోకాళ్ళకి తగిలి, కింది వరుస మీద పడేవాళ్ళు. 2016లో గ్లాస్గోలో సెల్టిక్ క్లబ్బువాళ్ళు రెయిల్ సీట్లు పెడితే వెళ్ళి చూసొచ్చాను. మడిచిన సీటు, ప్రతి వరుసకీ నడుమెత్తున కమ్మీ. రెండు చేతులతో ఊపి చూశాను, కదల్లేదు. ఇంగ్లండ్‌లో 2022 జనవరిలో కొన్ని క్లబ్బులతో ప్రయోగం చేసి, ఆ తర్వాతి సీజన్ నుంచి అనుమతిచ్చారు. నా పోట్లాట అక్కడితో ఆపేశాను. తమవాళ్ళని పోగొట్టుకున్న కుటుంబాల్లో కొందరు ఇప్పటికీ వద్దనే అంటారు. వాళ్ళెవరైనా ఎదురైతే విను తల్లీ, లెక్కలు చెప్పకు.

నన్ను మార్చింది కమ్మీ కాదులే, ఒక సీటుకి ఒక్కరే అన్న లెక్క. కాబట్టి నీ నంబరు దగ్గరే నిలబడు. "ఇటొచ్చెయ్, సర్దుకుందాం" అని స్నేహితులు పిలుస్తారు. వెళ్ళావంటే నువ్వూ నా అంత వెధవ్వే. దారిలో ముందువాళ్ళు ఆగితే నువ్వూ ఆగు. గోల్ పోతే పోయింది.

వెళ్ళేముందు స్టేడియం బయట ఆ 97 పేర్ల దగ్గర కాసేపు ఆగు.

శనివారం మూడింటి మ్యాచ్ ఇక్కడ టీవీలో రాదు కదా, రేడియో పెట్టుకుని కూర్చుంటాను. అయిదు దాటాక "బయటికొచ్చాను మావయ్యా" అని ఒక మెసేజ్ పెట్టు. మీ అమ్మకి నేను చెప్తాను.

మీ మావయ్య